మురిక్కాలవలో లాభం

కర్రీ పాయింటు నడిపే మహిళలు చాలామంది నాతో అనేమాట ఒకటే. 'అమ్మకాలు బాగానే ఉన్నాయండీ, చేతిలో మాత్రం ఏం మిగలట్లేదు!' తప్పంతా కూరగాయల ధరది, గ్యాసుది. నిజమే, 19 కిలోల వాణిజ్య సిలిండర్ చవకేం కాదు. మరి రాత్రి కొట్టు కట్టేస్తూ మురిక్కాలవలో పారబోసే సాంబారు మాటేమిటి? అందులో పప్పుంది, గ్యాసుంది, మీ నడుంనొప్పీ ఉంది.

ఏ పూట ఏ కూర ఎంత మిగిలిందో ఓ నోటు పుస్తకంలో రాయమంటాను. రెండువారాలు రాస్తే చాలు, సోమవారం ఏది తగ్గించాలో, ఆదివారం ఏది పెంచాలో తెలిసిపోతుంది. పనిలో పనిగా మీ కూలీ కూడా రాయండి. దాన్ని ఎవరూ లెక్కేయరు, మనతో సహా! ఇక కందిపప్పు ముందే నానబెట్టడం, గిన్నెమీద మూతపెట్టడం... ఇంట్లో అందరం చేసేవే. వ్యాపారంలోకి వచ్చేసరికి ఎందుకో మర్చిపోతాం.

నూనె దగ్గర మాత్రం పొదుపు వద్దు. కాగిన నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని 2018 జులై నుంచి నిబంధన ఉంది. నల్లబడిన నూనెలో మళ్లీ బజ్జీలు వేయకండి, కాలవలోనూ పోయకండి. అలాంటి నూనెను బయోడీజిల్ తయారీకి సేకరించే కార్యక్రమం కూడా ఆ ఏడాదే మొదలైంది. మీ ఊళ్లో కొనేవాళ్లున్నారేమో వాకబు చేయండి.