ఆదివారం పనమ్మాయిది కూడా
హైదరాబాద్ పుప్పాలగూడ టవర్లలో ఉంటూ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉద్యోగం చేసే విశ్వాసికి పది ఆజ్ఞల్లో కష్టమైనది నాలుగోదే అంటాను (కతోలికుల, లూథరన్ల లెక్కలో మూడోది). హత్య, దొంగతనం జోలికి ఎలాగూ పోడు. విశ్రాంతి దినం దగ్గరే చిక్కంతా. వారాంతం రిలీజ్ ఉందనీ, అమెరికా క్లయింట్ కాల్ ఉందనీ తన గురించి తాను వాపోతాడు, సరే. కానీ నిర్గమకాండం 20వ అధ్యాయం తీసి చూడండి: ఆ సెలవు యజమానికే కాదు, దాసుడికీ, దాసికీ, పశువుకీ, ఇంట ఉన్న పరదేశికీ. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయం కారణం కూడా చెబుతుంది, మీరూ ఐగుప్తులో దాసులుగా ఉన్నవాళ్లేనని. మరి మనం గుడిలో స్తుతి పాటలు పాడే వేళకు మన వంటింట్లో అంట్లు తోముతున్నది ఎవరు? ఒంగోలు ప్రాంతపు మాదిగ క్రైస్తవులకు ఈ ఆజ్ఞ విలువ బాగా తెలుసు. 1866లో ఒంగోలు చేరిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ సంఘంలో చేరేవాళ్లు ఆదివారం పని చేయబోమని మాట ఇవ్వాల్సి వచ్చేది. ఊరి వెట్టికి కట్టుబడ్డ మనిషి ఆ మాట అంటే కరణం, రెడ్డి ఊరుకుంటారా? వేధింపులు తప్పలేదు. అయినా 1876-78 కరువు వెన్నంటే, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మం పొందారు. వాళ్లు అంత ఓర్చుకుని నిలబెట్టుకున్న సెలవును జీతం కోయకుండా పనమ్మాయికి ఇస్తే మనకు పోయేదేముంది, ఒక పూట గిన్నెలు కడుక్కోవడం తప్ప! టిఫిన్ యాప్‌లో తెప్పించుకుంటాం అంటారా, ఆ డెలివరీ కుర్రాడికీ అది ఆదివారమేనండీ.