తప్పును మన్నించే కర్ర

కోనసీమ పిల్లవాడికి మొదటి క్రికెట్ బ్యాటు కొట్లో దొరకదు, కొబ్బరిచెట్టు కింద దొరుకుతుంది. ఎండి రాలిన మట్ట తెచ్చి, మొదలు దగ్గర వెడల్పుగా ఉంచి, పైన పిడికి సరిపడా చెక్కితే బ్యాటు తయారు. నేనూ దానితోనే మొదలుపెట్టాను. బంతి ఎక్కడ తగిలినా ఎంతో కొంత దూరం పోయేది. తరువాత ఎవరో ఇచ్చిన సన్నపాటి పాత బ్యాటు చేతికొచ్చింది. అంచున తగిలిన ప్రతిసారీ పిడి అరచేతిలో గిర్రున తిరిగేది. "గట్టిగా పట్టుకోరా" అనేవారు పెద్దలు. ఇంకా గట్టిగా పట్టుకున్నాను. అయినా తిరిగేది. చివరికి "నీకు ఆట రాదు" అన్నారు. నేనూ నమ్మేశాను. ఆ తప్పులో నా వాటా ఎంత, బ్యాటు వాటా ఎంత అని అడగాలని అప్పుడు తోచలేదు.

మీకు తోచాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఇందుకు నేను తీసుకున్న ఉదాహరణ మీలో చాలామంది ముట్టుకుని ఉండని వస్తువు. అదే గోల్ఫ్ కర్ర. మనది వరిచేల దేశం. గోల్ఫ్ ఆట చూడాలంటే విశాఖపట్నమో, హైదరాబాదులో గోల్కొండ కోట దగ్గరికో పోవాలి. అలాగని మనవాళ్ళకు బొత్తిగా సంబంధం లేని ఆటా కాదు. హైదరాబాదు నుంచి అమెరికా వెళ్ళిన తెలుగు కుటుంబంలో పుట్టిన సాహిత్ తీగల 2023 సెప్టెంబరులో కాలిఫోర్నియాలో జరిగిన ఫార్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. అయితే నేను గోల్ఫ్‌ను ఎంచుకున్నది అందుకు కాదు. ఆటగాడి తప్పును పరికరం ఎంతవరకు మన్నిస్తుందో ఇంత పట్టుదలగా కొలిచి, దానికి అంకెల్లో హద్దు కూడా గీసిన ఆట మరొకటి నాకు కనబడలేదు.

ఆ ఆటలో బంతి 46 గ్రాములకు లోపే ఉంటుంది, అడ్డకొలత 43 మిల్లీమీటర్లు. మొదటి దెబ్బకు దాన్ని చిన్న మేకు మీద నిలబెట్టి కొట్టవచ్చు. ఆ తరువాత అది గడ్డిమీద ఎక్కడ పడితే అక్కడినుంచే కొట్టాలి. కత్తిరించిన ఆ గడ్డిబాటను ఫెయిర్‌వే అంటారు. అక్కడినుంచి చాలా దూరం కొట్టడానికి వాడే కర్ర పేరు ఫెయిర్‌వే వుడ్. వుడ్ అంటే చెక్క అని మీకు తెలుసు. ఇప్పుడు దానిలో చెక్క ఏమీ లేదనుకోండి! ఒకప్పుడు దాని తలను పర్సిమన్ అనే గట్టి చెక్కతో చేసేవారు. పర్సిమన్ మనకేమీ పరాయిది కాదు. బీడీల కోసం ఆకు కోసే మన మన్యపు తునికి చెట్టు కూడా ఆ జాతిదే.

1979లో గ్యారీ ఆడమ్స్ అనే అమెరికన్ చెక్కకు బదులు లోపల బోలుగా ఉండే ఉక్కు తలలు అమ్మడం మొదలుపెట్టాడు. ఉక్కు గట్టిదని సంతోషిస్తే సరిపోదు. అసలు లాభం ఆ బోలుతనంలో ఉంది. చెక్క తలలో బరువు నడిమి అంతా నిండి ఉంటుంది. బోలు తలలో బరువు అంచుల్లో ఉంటుంది. అందువల్ల ఏమవుతుంది?

కావడి మోసేవాణ్ణి గమనించారా? రెండు కొసలా రెండు బిందెలు వేలాడుతుంటే అతను చటుక్కున వెనక్కి తిరగలేడు. అవే రెండు బిందెలను భుజానికి దగ్గరగా జరిపితే సులువుగా తిరుగుతాడు. బరువు మారలేదు, దాని చోటు మారింది, అంతే. తిరగడానికి వస్తువు చూపే ఈ మొండితనాన్నే మీ పుస్తకాల్లో జడత్వ భ్రామకం అంటారు. లెక్క చాలా తేలిక. 50 గ్రాముల ముక్కలు రెండింటిని నడిమికి 2 సెంటీమీటర్ల దూరంలో పెడితే 100ను 2 వర్గంతో హెచ్చించాలి: 400. దూరాన్ని 4 సెంటీమీటర్లు చేస్తే 1600. దూరం రెట్టింపయితే మొండితనం నాలుగింతలు!

బంతి కర్ర తలకు నడిమిని కాక పక్కన తగిలితే తల మెలి తిరుగుతుంది. కొంత శక్తి ఆ మెలికలోనే పోతుంది, బంతి దారి కూడా తప్పుతుంది. జడత్వ భ్రామకం ఎక్కువైతే మెలిక తగ్గుతుంది. తప్పును మన్నించడమంటే మొదటగా ఇదే. చేత్తో బిగించి ఆపుదామంటే కుదరదు. బంతి, గోల్ఫ్ కర్ర తాకి ఉండేది సెకండులో సుమారు రెండువేల వంతు మాత్రమే. మీ పట్టు సంగతి కర్ర తలకు చేరేసరికే బంతి వెళ్ళిపోయి ఉంటుంది. "గట్టిగా పట్టుకో" అన్న నా పెద్దలకు ఈ లెక్క చెప్పే అవకాశం నాకు రాలేదు.

మొదటి దెబ్బకు వాడే పెద్ద కర్రను డ్రైవర్ అంటారు. నియమాల ప్రకారం దాని తల 460 ఘన సెంటీమీటర్లకు మించరాదు. జడత్వ భ్రామకం కూడా 5900 గ్రాము-చదరపు సెంటీమీటర్లు దాటకూడదు; కొలతలో తేడాకని మరో 100 వదిలారు. చూశారా, మన్నింపుకు కూడా కొలబద్ద ఉంది! ఫెయిర్‌వే వుడ్ తల ఇందులో సగం కూడా ఉండదు. ఎందుకంటే బంతి నేలమీద ఉంది, దాని నడిమి నేలకు 2 సెంటీమీటర్ల ఎత్తే. తల ఎత్తుగా ఉంటే దాని గరిమనాభి బంతికి పైన పడుతుంది, బంతి గాలిలోకి లేవదు. కాబట్టి మంచి ఫెయిర్‌వే వుడ్‌కు ముఖం పొట్టిగా, బరువు అడుగున, వెనకగా ఉండాలి. అడుగు భాగం వెడల్పుగా ఉండాలి. మీరు బంతికి కాస్త ముందే నేలను తాకారనుకోండి. పదునైన అంచయితే నాగటి కర్రులా దిగబడుతుంది. వెడల్పాటి అడుగయితే బురదలో బల్లలా జారి బంతిని చేరుతుంది.

ఇంకో చమత్కారం ఉంది. వుడ్ ముఖం పూర్తిగా చదును కాదు, పక్కలకు కొంచెం ఉబ్బుగా ఉంటుంది. బంతి కొసన తగిలితే ఆ వంపువల్ల పక్కకు బయలుదేరుతుంది. అదే సమయంలో మెలి తిరిగే తల, పళ్ళచక్రం మరో చక్రాన్ని తిప్పినట్టు, బంతిని ఎదురు దిక్కుకు తిప్పుతుంది. ఆ తిరుగుడువల్ల బంతి గాలిలో వంగి మళ్ళీ దారికి వస్తుంది.

ఇలాంటివి ఎవరికి తోచాయి? మహా ఆటగాళ్ళకనుకుంటే పొరపాటు. కార్‌స్టెన్ సోల్‌హైమ్ ఒక ఇంజనీరు, నలభై దాటాక గోల్ఫ్ మొదలుపెట్టాడు. బంతిని గుంటలోకి నెట్టడం సరిగా రాక విసిగి, బరువును రెండు కొసలకు జరిపి 1959లో తన కర్ర తానే చేసుకున్నాడు. హోవర్డ్ హెడ్ అనే ఆయన టెన్నిస్ ఆడుతుంటే బ్యాటు చేతిలో మెలి తిరిగేది, అచ్చం నాలాగే. ఆయన బ్యాటునే వెడల్పు చేశాడు. ఆ పెద్ద బ్యాటు 1976లో బజారుకు వచ్చింది. నేనేమో ఆట మానేశాను!

ఇలాంటి పరికరం వాడితే అది మోసం, చేతకానివాళ్ళకు ఊతకర్ర అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. కర్ర అన్ని తప్పులనూ మన్నించదు. తాకిన క్షణంలో కర్ర ముఖం కాలువవైపు చూస్తుంటే, ఎంత ఖరీదైన వుడ్ అయినా బంతి కాలువలోకే పోతుంది. మెల్లగా కొట్టిన దెబ్బను గట్టిదెబ్బ చెయ్యదు. నాకున్న అభ్యంతరం వేరు. అంచున తగిలినా చేతికి జంకు తెలియకపోతే, నేర్చుకునేవాడికి తన తప్పు తెలియదు. అందుకే ముఖానికి పొడి రాసి, బంతి గురుతు ఎక్కడ పడిందో చూసుకుంటూ ఆడాలి.

ఇక మన ఊళ్ళకు వద్దాం. అమలాపురం కుర్రవాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి 2023 ఏప్రిల్ 14న జపాన్‌లో షటిల్ కాకును గంటకు 565 కిలోమీటర్ల వేగంతో కొట్టి గిన్నిస్ పుస్తకానికెక్కాడు. గర్వపడవలసిందే. కానీ ఆ అంకె చెప్పేదేమిటి? గొప్ప ఆటగాడు, కొలవడానికే పెట్టిన చోట, కొట్టిన ఒక్క దెబ్బ. ఆరో తరగతి పిల్ల కొత్తగా కొట్టే నూరు దెబ్బల గురించి అది ఏమీ చెప్పదు. ఛాంపియన్ల బ్యాట్లు సాధారణంగా బిర్రుగా ఉంటాయి. నరాలు బిగించి కట్టిన కొద్దీ, కాకు బాగా ఎగిరే చోటు చిన్నదవుతుంది. ఆ బ్యాటు కోసం ఇంట్లో వాళ్ళు కష్టపడి డబ్బు పెట్టాక, ఆట కుదరకపోతే నింద పడేది పిల్లమీదే.

అందుకే బ్యాటును దాని మంచి దెబ్బతో కాక, మీ చెడ్డ దెబ్బతో తూచమంటాను. ఇద్దరు స్నేహితులు, రెండు బ్యాట్లు, సుద్దముక్క పొడి, ఒక కొలతాడు చాలు. ఒక్కో బ్యాటుతో 30 దెబ్బలు కొట్టండి. ప్రతి దెబ్బ దూరమూ, పక్కకు ఎంత పోయిందీ రాయండి. అన్నిటికన్నా దూరం పోయిన దెబ్బను కొట్టేయండి. కొట్టువాడు చూపించేది దాన్నే. బాగా చెడిన 10 దెబ్బల సగటు కట్టి రెండు బ్యాట్లనూ పోల్చండి. మొదట ఒకదానితో 30, తరువాత రెండోదానితో 30 కొట్టారంటే లెక్క చెడుతుంది. ఈలోగా చెయ్యి అలసిపోతుంది, లేదా అలవాటు పడుతుంది. ఒకటి దీనితో, ఒకటి దానితో మార్చి మార్చి కొట్టండి. బంతి మాత్రం ఒకటే ఉండాలి. సాయంత్రం కాలువగట్టు మీద గాలి మొదలవక ముందే ముగించండి.