విసుగు ఎవరిపైన?

"రోజులు మారిపోయాయి, అడిగితే చెప్పే మనిషే లేడు" - రైల్వే బుకింగ్ కిటికీ వద్ద, తపాలా కౌంటరు వద్ద ప్రతిదినం వినవచ్చే మాట ఇది. ఈ ఫిర్యాదు న్యాయమైనదే. కాని ఆ కోపమంతా ఎదుట కనిపించే గుమాస్తాపై పడుతున్నది.

2013 జూలైలో టెలిగ్రాం ముగిసింది. దాని పని ఫోను చేస్తున్నది, అంగీకరిస్తాము. కాని 2020 మార్చిలో వృద్ధ ప్రయాణికులకు, పురుషులకు 40, స్త్రీలకు 50 శాతం చొప్పున ఉన్న రాయితీని ఏ యంత్రం నిలిపివేసింది? 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపివేసినదెవరు? ఇవి పైవారి ఉత్తర్వులు. కాలంపై నెపం వేయడం చెల్లదు.

మేము యంత్రాలకు విరోధులము కాము. సెల్‌ఫోనులో టికెట్ కొనగలవారు కొననివ్వండి. కొనలేని వలస కూలీకి, చదువురాని అవ్వకు కిటికీ తెరచి ఉండి తీరాలి. అందులో మనిషి ఉండాలి. యంత్రం సాకుతో ఖాళీలను భర్తీ చేయకపోవడాన్ని తీవ్రంగా ఖండిస్తున్నాము.

కామ్రేడ్స్! క్యూలో నిలిచినవారు మన శత్రువులు కారు. వారి విసుగును ఓపికతో వినండి, మూలం వివరించండి, ఖాళీల భర్తీ కోరుతూ వారి సంతకాలు సేకరించండి. వారు మన పక్షాన నిలిచిననాడు ఏ ఉత్తర్వైనా దిగిరాక తప్పదు.