హనుమంతుడి దారా? బృహన్నల దారా?

ఇంట్లో చెప్పకుండా ఒక్కసారైనా సెకండ్ షోకి వెళ్ళనివాళ్ళు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి! ఉహుఁ... ఒక్క చెయ్యీ లేవలేదు. చప్పుడు కాకుండా గొళ్ళెం తీయడం, చెప్పులు చేత్తో పట్టుకుని వాకిలి దాటడం మనకు పుట్టుకతో వచ్చిన విద్యలాయె! ఆ విద్యల మీదే నడిచే రెండు వీడియో గేమ్‌ల ముచ్చట ఈ వారం.

మొదటిది 'ప్రాజెక్ట్ ఐ.జి.ఐ.' 2000లో వచ్చింది. చేసినవాళ్ళు నార్వేలోని ఇన్నర్‌లూప్ వాళ్ళు. రెండోది 'హిట్‌మ్యాన్ 2: సైలెంట్ అసాసిన్'. 2002లో డెన్మార్క్‌లోని ఐ.ఓ. ఇంటరాక్టివ్ వాళ్ళు చేశారు. రెండింటినీ విడుదల చేసింది మాత్రం ఈడోస్ సంస్థే. ఒకే బ్యానర్, ఇద్దరు దర్శకులు అనుకోండి!

మా కోరుట్లలో ఇంటర్నెట్ సెంటర్లు కిటకిటలాడిన రోజుల్లో, ట్యూషన్ ఎగ్గొట్టి మరీ రెండూ ఆడాను.

ఐ.జి.ఐ.ది హనుమంతుడి దారి. లంకలో దూరినట్టు, శత్రువుల స్థావరంలోకి హీరో జోన్స్ ఒంటరిగా దూరాలి. బైనాక్యులర్స్‌తో కాపలావాళ్ళను లెక్కపెట్టుకోవాలి. కంప్యూటర్ దాకా నక్కి నక్కి వెళ్ళి కెమెరాలు ఆపాలి. ఒక్క తప్పటడుగు పడిందా, సైరన్ మోగుతుంది! మొత్తం 14 మిషన్లు. మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీల్లేదు. గంటసేపు తిప్పలు పడి ఆఖరి గేటు చేరాక కరెంటు పోతే? మళ్ళీ మొదటికే! ఎన్నిసార్లు ఏడుపొచ్చిందో.

హిట్‌మ్యాన్‌ది బృహన్నల దారి. 'నర్తనశాల' (1963) చూశారుగా! అజ్ఞాతవాసంలో అర్జునుడు ఏ గుహలోనో దాక్కోలేదు. విరాటుని కొలువులో, నలుగురి కళ్ళముందే వేషం మార్చి తిరిగాడు. మన గుండు హీరో 47 కూడా అంతే. సిసిలీలో మాఫియా పెద్ద బంగళాకు గోడ దూకక్కర్లేదు. సరుకులు తెచ్చే కుర్రాడి బట్టలేసుకుని గేటులోంచే పోవచ్చు. అయితే పులిపిరి అంటించుకుంటే విలన్ గుర్తుపట్టని మన సినిమాల్లా కాదండోయ్! 'మాయాబజార్' (1957)లో సావిత్రిని గుర్తు తెచ్చుకోండి. పైకి శశిరేఖ, నడకలో ఘటోత్కచుడు! ఇక్కడ అలాంటి నడక నడిస్తే కాపలావాడికి అనుమానం వస్తుంది. ఆ అనుమానం ఎంత పెరిగిందో తెర మీద గీత చూపిస్తుంది.

రెండింట్లో ఏది గొప్ప? అప్పట్లో అడిగితే కళ్ళు మూసుకుని ఐ.జి.ఐ. అనేవాణ్ణి.

మా బాపు దుబాయిలో వాచ్‌మన్. ఓ ఎండాకాలం సెలవు మీద వచ్చినప్పుడు, నన్ను వెతుక్కుంటూ సెంటర్లోకే వచ్చేశాడు. వీపు విమానం మోతే అనుకున్నాను. కొట్టలేదు. వెనక నిలబడి చూశాడు. సరిగ్గా అప్పుడే ఐ.జి.ఐ.లో గేటు దగ్గరున్నవాణ్ణి వెనకనుంచి కాల్చాను.

"వాడేం జేసిండురా నీకు?" అన్నాడు.

"గేటు కాడ ఉన్నడు బాపూ."

"నేను గూడ గేటు కాడనే ఉంట గదరా!"

నా నోట మాట రాలేదు. గబగబా అది కట్టేసి హిట్‌మ్యాన్ పెట్టాను. కంగారులో 47ను పరుగెత్తిస్తుంటే బాపు నవ్వాడు.

"ఉరుకకు, నడువు. మేం ఉరికేటోన్నే జూస్తం. సంచి పట్టుకొని నిమ్మళంగ అచ్చేటోన్ని ఎవడు ఆపుతడు?"

నడిచాను. కాపలావాడు కన్నెత్తి చూడలేదు!

అందుకే ఇప్పుడు నా తీర్పు మారింది. గుండె దడదడలాడాలంటే ఐ.జి.ఐ.యే. కానీ అందులో ఎంతమందిని కాల్చినా మిషన్ పూర్తయితే చాలు, అడిగేవాడు లేడు. హిట్‌మ్యాన్ 2లో 'సైలెంట్ అసాసిన్' అనే పెద్ద బిరుదు రావాలంటే, అసలు శత్రువు తప్ప మిగతావాళ్ళ జోలికి దాదాపు పోకూడదు. హంతకుడి కథే, కాదనను. అయినా గేటు దగ్గర మనిషి ప్రాణానికి లెక్క ఉన్నది అందులోనే. నా ఓటు బృహన్నలకే!

సెలవు అయిపోయి బాపు మళ్ళీ విమానం ఎక్కాడు. ఐ.జి.ఐ. ఇప్పటికీ అప్పుడప్పుడూ ఆడతాను. గేటు దగ్గర ఎవడైనా కనిపిస్తే మాత్రం, వీలైనంతవరకు చుట్టూ తిరిగే పోతాను. ఆలస్యమవుతుందంటారా? కానివ్వండి!