అరువు నవ్వు

పలువరుసను మల్లెమొగ్గలతో పోల్చుట మన కవులకు పరిపాటి. నేడా మొగ్గలు దంతవైద్యుని వద్ద వెలకు దొరకుచున్నవి. వాటి పేరు వెనీర్లు. పంటి ముందుభాగమున అతికించు పలుచని పింగాణీ రేకులు. 1928లో కాలిఫోర్నియా దంతవైద్యుడు చార్లెస్ పింకస్ సినిమా నటులకై వీటిని కల్పించెను. నాడవి చిత్రీకరణ ముగియగనే తీసివేయు వేషములు. నేటివి అట్లు కావు. అతుకుటకు ముందు సాధారణముగా పంటి పైపొరయైన ఎనామెల్‌ను అర మిల్లీమీటరు మేర అరగదీయుదురు. పోయిన ఎనామెల్ మరల పెరుగదు. రేకు పాతబడినపుడు మరియొకటి అతికించుకొనవలసినదే.

ఆరోగ్యమైన దంతములను తెలుపుదనమునకై అరగదీయించుకొనువారిని చూచిన నాకు జాలి కలుగును. కాని నల్లగొండ సీమలోని ఆడపిల్ల ఈ రేకులను కోరినచో తప్పుపట్ట నోరు రాదు. పండ్లు రూపొందు పసితనమున త్రాగిన నీటిలోని ఫ్లోరైడు ఆమె పలువరుసపై గోధుమరంగు మచ్చలు వేసినది. పెండ్లిచూపులలో ఆమె పెదవి విప్పక తలవంచుకొని కూర్చుండుటకు కారణము ఆ మచ్చలు కావు, వాటిని దోషముగా నెంచు మనమే.

తెలుగునాట ఈ వ్యాధిని వైద్యులు 1937లోనే, నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించిరి. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని నియమము కలదు. కనుక, బిడ్డకు రేకులు తొడిగింపదలచిన తలిదండ్రులారా, తప్పక తొడిగింపుడు. కాని అంతకు ముందు ఇంటనున్న పసివాడు త్రాగు నీటిని పరీక్ష చేయింపుడు.