త్రాగినాడా, చక్కెర తగ్గినదా?

విత్తనములను గూర్చియు, బాకీల వాయిదాలను గూర్చియు ఈ పత్రికలో తరచుగా వ్రాయుచుందుము. ఈ మాసము మనిషిని గూర్చి వ్రాయవలసి వచ్చినది.

గడచిన కోతలలో మా పొలమునకు వచ్చిన యొక పెద్దాయన ప్రొద్దెక్కునప్పటికి తూలుచు, పొంతనలేని మాట లాడసాగెను. ఒడలెల్ల చెమట. ప్రొద్దుననే త్రాగి వచ్చినాడని నవ్వినవారిలో నేనును ఒకడను. కల్లు ముట్టని మనిషి యని ఆయన కోడలు పరుగున వచ్చి చెప్పువరకు మాకు తోచలేదు. తెల్లవారుజామున మధుమేహపు మాత్ర మ్రింగి, చద్ది తినకయే వచ్చెనట! చక్కెర నీరు త్రాగించిన పావుగంటకు తేరుకొనెను. ఇంకను ఆలస్యమైనచో స్మృతి తప్పెడివాడు. స్మృతి తప్పినవాని నోట నేమియు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి దిగును.

ఇన్సులిను గాని, కొన్ని రకముల మధుమేహపు మాత్రలు గాని వాడువారు తిండి తప్పి శ్రమించినచో నెత్తుటిలో చక్కెర పడిపోవును. వణకు, చెమట, గుండెదడ, తడబాటు దీని గురుతులు. మ్రింగగల స్థితిలో నున్నచో మూడు చెంచాల పంచదార నీటిలో కలిపి యిచ్చి, 15 నిమిషములకు తగ్గనిచో మరల నీయవలెను. తేరినపిమ్మట అన్నము పెట్టవలెను. చక్కెర మితిమీరినను ఆపదయే. దాహము, వాంతులు, ఆయాసము, మత్తు కానవచ్చును. అయితే అది మెల్లగా ముదురును, ఇది నిమిషములలో ముంచును. ఏదియో తేలనప్పుడు, మ్రింగగలవానికి చక్కెర యిచ్చి ఆసుపత్రికి చేర్చుటయే మేలు.

పక్షవాతము విషయమున మనము చేయు తప్పు మరింత పెద్దది. ఉన్నట్టుండి మూతి వంకరపోయినను, ఒక చేయి వాలినను, మాట ముద్దయైనను పసరువైద్యుని వెదకుకొనుచు పోవుదుము. గడ్డకట్టిన నెత్తుటిని కరగించు మందును సాధారణముగా నాలుగున్నర గంటలలోపల నీయవలెను. అంతకుముందు తలకు సీ.టీ. స్కాను తీసి, లోపల నెత్తురు చిందలేదని తేల్చుకొనవలెను. కావున స్కాను లేని తావులకు తిరిగిన ప్రతి గంటయు నష్టమే. రోగి చివరిసారి బాగుగా నున్న వేళను గురుతుంచుకొని వైద్యునికి చెప్పుడు. గురుతులు వాటంతట మాసిపోయినను ఆసుపత్రికి పోవుట మానకుడు.

మూర్ఛ వచ్చినవాని చేతిలో తాళపుచెవులు పెట్టుట మన యలవాటు. చాల మూర్ఛలు రెండు మూడు నిమిషములలో వాటంతటవే ఆగును, పేరు మాత్రము ఇనుమునకు వచ్చును! పట్టి యదుమక, పండ్ల నడుమ గరిటె దూర్చక, ఆగినంతనే ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టుడు. 5 నిమిషములు దాటినను, వెంటనే మరల వచ్చినను 108కి చెప్పుడు. ఎండకో, ఆకలికో సొమ్మసిల్లినవాడు పరుండబెట్టి కాళ్లు ఎత్తినచో త్వరలోనే తేరుకొనును. తేరుకొనకున్నను, రొమ్ము నొప్పి యున్నను ఉపేక్షింపరాదు.

108 బండి 2005 నుండి మనకున్నది. స్కాను ఏ ఆసుపత్రిలో గలదో మాత్రము మా యూర పదుగురికైనను తెలియదు. సంఘ కార్యాలయపు గోడపై ఎరువుల ధరల పట్టిక ప్రక్కన ఆ యాసుపత్రి పేరును, దారియు వ్రాయింపవలెనని వచ్చు సర్వసభ్య సమావేశమున ప్రతిపాదింతును. రంగు ఖర్చు నాది.