భూమి లోపలి వేడి: బోరు కన్నా ముందు లెక్క తేలాలి

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు దగ్గర పగిడేరులో బొగ్గు కోసం బోరు వేస్తే వేడి నీళ్లు పైకి వచ్చాయి. ఆ వేడితోనే 20 కిలోవాట్ల కరెంటు తీసే ప్రయోగాత్మక ప్లాంటును సింగరేణి అక్కడ పెట్టింది. ఇది చిన్నదే. కానీ 2025 సెప్టెంబరులో కేంద్రం జాతీయ జియోథర్మల్ విధానం ప్రకటించడంతో పెద్ద ప్రాజెక్టులకు దారి తెరుచుకుంది. దేశంలో 381 వేడి నీటి బుగ్గలు ఉన్నాయని, 10,600 మెగావాట్ల దాకా తీయొచ్చని ప్రభుత్వ అంచనా.

మరి ఎక్కడ తవ్వాలి, ఎంత తోడాలి? ఇది చెప్పేది ఇంజినీరింగ్ కన్సల్టెన్సీలు చేసే మోడలింగ్. బోర్లలో దొరికిన వేడి, ఒత్తిడి, రాతి పొరల వివరాలు తీసుకుని భూగర్భాన్ని కంప్యూటర్‌లో చిన్న చిన్న గడులుగా కడతారు. ముప్పై ఏళ్లు నీళ్లు తోడితే వేడి తగ్గుతుందా, తిరిగి లోపలికి పంపిన నీళ్లు ఎటు పోతాయి, ఊరి బావుల్లో కలుస్తాయా అని లెక్క కడతారు. బోర్లు తక్కువైతే అంచనాలో తప్పు ఎక్కువ.

ఆ తప్పు ఖరీదు చిన్నది కాదు. లద్దాఖ్‌లోని పూగాలో 2022 ఆగస్టులో డ్రిల్లింగ్ జరుగుతుండగా భూగర్భ ద్రవం పైకి తన్ని వాగులో కలిసింది, పని ఆపేశారు. దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో 2017 నవంబరులో 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. జియోథర్మల్ బావుల్లోకి ఒత్తిడితో నీళ్లు పంపడమే దాన్ని రేపిందని 2019లో ప్రభుత్వం నియమించిన నిపుణులు తేల్చారు. పగిడేరు పద్ధతి వేరు. అక్కడ సహజంగా వచ్చే వేడి నీళ్లే ఆధారం. అయినా పాఠం ఒకటే: ముందు లెక్క, తర్వాత బోరు.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. మన దగ్గర పర్యావరణ నివేదిక రాసే కన్సల్టెన్సీకి ఫీజు ఇచ్చేది ప్రాజెక్టు కంపెనీయే. తన ఖాతాలు చూసే ఆడిటర్‌ను కంపెనీయే పెట్టుకున్నట్టు. పబ్లిక్ హియరింగ్ అవసరమైన ప్రాజెక్టులకు నివేదిక సారాంశం స్థానిక భాషలో ఇవ్వాలని 2006 నోటిఫికేషన్ చెబుతోంది. కానీ మోడల్‌లో ఏ లెక్క గట్టిది, ఏది ఊహ అన్నది ఆ నాలుగు పేజీల్లో కనపడటం అరుదు.

బొగ్గు గనుల ప్రాంతంలో ఉంటున్న ముస్లిం కుటుంబాలకూ ఇది దూరపు సంగతి కాదు. బొగ్గు తగ్గే రోజున పిల్లలకు ఇలాంటి ప్లాంట్లలోనే ఉద్యోగాలు దొరకొచ్చు. తాగే నీళ్లు మాత్రం ఇప్పుడూ అదే భూమి నుంచి రావాలి. అందుకే హియరింగ్‌కు వెళ్లినవాళ్లు మూడు అడగాలి: ఎన్ని బోర్ల వివరాలతో ఈ లెక్క వేశారు? మా బావుల నీళ్లను ముందే పరీక్షించారా? లెక్క తప్పితే పని ఆపే అధికారం ఎవరిది?

భూమి కింది నీళ్లు, వేడి మన తర్వాతి వాళ్ల అమానత్. దాని హిసాబ్ అందరి ముందూ పెట్టాల్సిందే.